ముషీరాబాద్ 1978, 1985, 2004: మధ్యలోని ఆ ఖాళీని నాయిని నర్సింహారెడ్డి ఎలా దాటారు?

రాంనగర్ విద్యార్థి:

అందరికీ నమస్కారం. నేను ఉస్మానియాలో రాజనీతిశాస్త్రం ఎం.ఏ. చదువుతున్నాను. ఎవరైనా ఒక శాసనసభ్యుడి రాజకీయ జీవితం మీద పాతిక పేజీల పత్రం రాయమని మా విభాగంలో చెప్పారు. తోటివాళ్లందరూ ముఖ్యమంత్రుల వెంట పడ్డారు కాబట్టి నేను మా నియోజకవర్గం మనిషినే ఎంచుకున్నాను. దేవరకొండ ప్రాంతం నుంచి నగరానికి వచ్చి, ఆజామాబాద్‌లోని వజీర్ సుల్తాన్ టొబాకో, అంటే మనం వీఎస్టీ అని పిలిచే సిగరెట్ల ఫ్యాక్టరీలో కార్మిక నాయకుడిగా ఎదిగి, ముషీరాబాద్ నుంచి మూడుసార్లు శాసనసభకు వెళ్లి, చివరికి తెలంగాణ తొలి హోంమంత్రి అయిన నాయిని నర్సింహారెడ్డి గారి గురించి రాస్తున్నాను.

సంవత్సరాలన్నీ పట్టికగా వేసుకున్నాను. 1969 తెలంగాణ ఉద్యమం, సోషలిస్టులతో సహవాసం, ఎమర్జెన్సీలో జైలు, 1978లో జనతా పార్టీ తరఫున టి. అంజయ్య గారిపై గెలుపు, 1985లో మళ్లీ జనతా నుంచే గెలుపు, 2004లో టీఆర్ఎస్ నుంచి మూడో గెలుపు. ఆ పట్టిక చూసి మా గైడ్ మేడం 1989కీ 2004కీ మధ్యనున్న ఖాళీ గడి చుట్టూ ఎర్ర పెన్నుతో గీత గీసి, పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి పంపించారు. ఇంకేమీ రాయలేదు.

నా సందేహమూ అక్కడే ఉంది. పదవి పోయిన నాయకుడి గుమ్మం ముందు చెప్పుల జతలు ఆర్నెల్లలో తగ్గిపోతాయని మా తాతయ్య అనేవారు. అలాంటిది 1989 ఎన్నికల నుంచి 2004 ఎన్నికల వరకు, సుమారు పదిహేనేళ్లపాటు సభలో లేని మనిషి, తాను రెండుసార్లు గెలిచిన పార్టీ కూడా రాష్ట్రంలో దాదాపు కనుమరుగైపోయిన తరువాత, అదే నియోజకవర్గంలో మళ్లీ ఎలా గెలవగలిగారు? నివాళి వ్యాసాలు చాలా చదివాను గానీ, కార్మిక పక్షపాతి అన్న మాట దాటి అవి ముందుకు వెళ్లడం లేదు. ఆ రోజులు చూసినవారు ఎవరైనా వివరించగలరా?

ఆజామాబాద్ పాత కార్మికుడు:

బాబూ, నేను వీఎస్టీలో పనిచేయలేదు. అదే ఆజామాబాద్‌లో ఇంకొక కర్మాగారంలో 1974 నుంచి ఇరవై ఆరేళ్లు ఫిట్టర్‌గా చేశాను. కాబట్టి నాయిని గారి పక్కన కూర్చున్నవాడిలా మాట్లాడను. యూనియన్ ఆఫీసు అంటే ఏమిటో మాత్రం చెప్పగలను, మీ ఖాళీ గడిలో రాయవలసింది అదేనని నా నమ్మకం.

మీ వయసు వాళ్లు యూనియన్ అనగానే సమ్మె, జెండా, గేటు ముందు నినాదాలు అనుకుంటారు. అవి ఏడాదికి నాలుగు రోజులు ఉంటే ఎక్కువ. మిగతా రోజుల్లో జరిగేదంతా కాగితాల పని. మా సంఘం గది ఒక రేకుల షెడ్డు. అందులో ఒక బల్ల, రెండు బెంచీలు, గోడ మేకుకు వేలాడే సభ్యుల జాబితా, కార్బన్ పేపర్ మసితో ఎప్పుడూ నల్లగా ఉండే వేళ్లతో ఉత్తరాలు రాసే ఒక గుమాస్తా. మొదటి షిఫ్టు విడిచిన సైరన్ మోగగానే టిఫిన్ డబ్బాలు చేతపట్టుకుని మనుషులు వరుసగా వచ్చేవారు. ఒకాయనకు ఛార్జిషీటు ఇచ్చారు, ఎంక్వైరీలో ఏం జవాబు చెప్పాలో తెలియదు. ఇంకొకాయన భార్యకు ఈఎస్ఐ ఆస్పత్రిలో ఆపరేషన్ తేదీ ఇవ్వడం లేదు. మరొకాయన పీఎఫ్ కాగితంలో తండ్రి పేరు తప్పు పడింది. క్యాజువల్‌గా ఏడేళ్లు చేసిన కుర్రవాడికి పర్మినెంట్ ఉత్తరం రాలేదు. వీటితోపాటు యాజమాన్యానికి ఏ సంబంధమూ లేనివి కూడా అక్కడికే వచ్చేవి. బస్తీలో నల్లా రాకపోయినా, రేషన్ కార్డులో పిల్ల పేరు పడకపోయినా, మొగుడు తాగి కొట్టినా ముందు యూనియన్ గదికే వచ్చేవారు. ఎమ్మెల్యే ఇంటికి వెళ్లాలంటే ఒక పూట జీతం పోతుంది, యూనియన్ గది ఇంటికి వెళ్లే దారిలోనే ఉంటుంది.

ఇక వేతన ఒప్పందం సంగతి చూడండి. మూడు నాలుగేళ్లకోసారి జరిగే ఆ ఒప్పందం 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టం 12(3) సెక్షన్ కింద లేబర్ అధికారి సమక్షంలో కుదిరితే, సంతకం పెట్టిన సంఘంలో సభ్యత్వం ఉన్నవారికే కాకుండా ఆ ఫ్యాక్టరీలో ఉన్న ప్రతి కార్మికుడికీ వర్తించేది. అంటే నాయకుడి సంతకం ప్రతి నెలా ఒకటో తారీఖున, ఆయనను తిట్టుకునేవాడి జీతం కవర్లోకి కూడా వచ్చేది. శాసనసభలో ఎంత గొప్ప ప్రసంగం చేసినా ఇంటింటికీ అలా చేరదు. పైగా బయటి మనిషిని సంఘానికి అధ్యక్షుడిగా పెట్టుకోవడానికి చట్టం కొంతమేరకు ఒప్పుకుంటుంది. అందువల్ల ఒక ఫ్యాక్టరీలో మంచి ఒప్పందం చేయించిన నాయకుణ్ని పక్క ఫ్యాక్టరీ వాళ్లు కూడా పిలుచుకునే అలవాటు ఆ రోజుల్లో నగరమంతటా ఉండేది.

ఎన్నికలో ఓడినవాడు ఎమ్మెల్యే క్వార్టర్ ఖాళీ చేస్తాడు. యూనియన్ గది తాళంచెవి మాత్రం ఆయన జేబులోనే ఉంటుంది. మీ తాతయ్య గారు లెక్కపెట్టిన చెప్పుల జతలు ఇంటి ముందు తగ్గి ఉండవచ్చు, ఆ గది ముందు తగ్గవు.

గ్యాలరీ విలేఖరి:

పెద్దాయన చెప్పిన యూనియన్ గదిని నేనూ చూశాను, ఆ వర్ణనలో తప్పు పట్టవలసింది ఏమీ లేదు. అయితే అది ఒక మనిషి నిలబడటానికి కారణం అవుతుంది గానీ గెలవడానికి సరిపోదు. నేను చాలాకాలం శాసనసభ ప్రెస్ గ్యాలరీలో కూర్చున్నవాణ్ని, కాబట్టి నా కంటికి లెక్కలే ముందు కనిపిస్తాయి.

ఆయన మూడు గెలుపులనూ పక్కపక్కన పెట్టి చూడండి. 1978 ఎన్నికలకు నెల ముందే కాంగ్రెస్ రెండుగా చీలింది. ఇందిరా కాంగ్రెస్, రెడ్డి కాంగ్రెస్ అని రెండు గుర్తులు వేర్వేరుగా ఓటరు ముందుకు వచ్చాయి. రాష్ట్రమంతటా ఇందిర గాలి వీచినా జనతాకు 60 స్థానాలు దక్కాయి, అందులో ముషీరాబాద్ ఒకటి. 1985లో ఎన్టీ రామారావు గారు మిత్రపక్షాలకు కొన్ని సీట్లు వదిలిపెట్టారు, ఆ సర్దుబాటులో జనతా గెలిచినవే మూడు. 2004లో టీఆర్ఎస్ కాంగ్రెస్‌తో పొత్తు పెట్టుకుంది, 26 మంది గెలిచారు, వారిలో ఈయన ఒకరు. మూడుసార్లూ ఎదుటివారి చీలికో పక్కవారి పొత్తో తోడైంది. ఆ తోడు లేని ఎన్నిక ఎలా ఉంటుందో 2008లో తేలింది. తెలంగాణ కోసం టీఆర్ఎస్ శాసనసభ్యులు 16 మంది రాజీనామా చేసి మే నెలలో ఉప ఎన్నికలకు వెళితే, 7 స్థానాలే తిరిగి దక్కాయి. ముషీరాబాద్ చేజారింది.

ఆ ఓటమి ఎవరి చేతిలోనో మీ పత్రంలో తప్పకుండా రాయండి. అంజయ్య గారి సతీమణి మణెమ్మ గారి చేతిలో. 1978లో భర్తను ఓడించిన మనిషి సరిగ్గా ముప్పై ఏళ్లకు భార్య చేతిలో ఓడిపోయారు. ఇందులో నాటకీయత ఎంత ఉందో రాజకీయం అంతకన్నా ఎక్కువ ఉంది. అంజయ్య గారు కూడా గాలిలోంచి ఊడిపడిన నాయకుడు కారు. ఆరణాల రోజు కూలికి హైదరాబాద్ ఆల్విన్‌లో పనిచేసి, కార్మిక సంఘం మెట్లెక్కి వచ్చినవారు. ముషీరాబాద్‌లో 1978లో తలపడింది రెండు యూనియన్ గదులు. ఓడిన అంజయ్య గారు మూడేళ్లు తిరక్కముందే, 1980 అక్టోబరులో ముఖ్యమంత్రి అయ్యారు. గెలిచిన నాయిని గారు ప్రతిపక్షపు బెంచీలో కూర్చుని ఆ ప్రభుత్వాన్ని చూశారు. ఎమ్మెల్యే జీవితాన్ని గెలుపు ఓటముల పట్టికతో కొలవడంలో ఎంత ప్రమాదముందో ఈ ఒక్క ముక్క చాలు.

ఇంకొక సంగతి, దీన్ని ఎవరూ పట్టించుకోరు. ఆంధ్రప్రదేశ్ శాసనమండలి 1985లో రద్దయి, 2007లో గానీ మళ్లీ రాలేదు. ఓడిన పెద్ద నాయకుణ్ని ఎమ్మెల్సీగా కూర్చోబెట్టి ఓదార్చే వెసులుబాటు ఏ పార్టీకీ ఆ ఇరవై రెండేళ్లలో లేదు. మీరు అడుగుతున్న పదిహేనేళ్లు పూర్తిగా ఆ కాలంలోనే పడ్డాయి. సొంత ఆదాయమో, సొంత కులబలమో, సొంత సంఘమో లేనివారు చాలామంది ఆ దశకంలో రాజకీయాల నుంచి నిశ్శబ్దంగా తప్పుకున్నారు. ఈ మేరకు పెద్దాయన వాదనతో నేనూ ఏకీభవిస్తాను.

కవాడిగూడ నుంచి:

విలేఖరి గారి లెక్క సరైనదే గానీ ఒక మెట్టు దాటేసింది. పొత్తు ఉన్నప్పుడు నగరం నడిబొడ్డున ఒక సీటు ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న ముందు వస్తుంది, ఓట్ల గాలి తరువాత వస్తుంది. 1985లో ఒక చిన్న పార్టీకి, 2004లో నగరంలో బలం అంతంతమాత్రంగా ఉన్న ఒక కొత్త పార్టీకి, ముషీరాబాద్‌లో ముఖపరిచయం అక్కర్లేని మనిషి కావలసి వచ్చింది. ఆ పరిచయం యూనియన్ ఇచ్చింది. గాలి ఓట్లు తెచ్చిందంటే ఒప్పుకుంటాను, టికెట్ తెచ్చింది మాత్రం ఫ్యాక్టరీ గేటే.

అయితే ఆ గేట్లే ఒక్కొక్కటిగా మూతపడ్డాయి, మీరిద్దరూ వదిలేసిన భాగం ఇదే. మా ఇంటికి దగ్గరలో దివాన్ బహదూర్ రాంగోపాల్ మిల్లు, అందరూ డీబీఆర్ మిల్స్ అనే బట్టల మిల్లు, ఉండేది. మా నాన్న అందులో స్పిన్నింగ్ విభాగంలో పనిచేశారు. చిన్నప్పుడు మేము గడియారం చూసి బడికి వెళ్లలేదు, మిల్లు కూత విని వెళ్లాం. మిల్లు మూతపడిన తరువాత కూడా చాలా రోజులు మా నాన్న అదే వేళకు నిద్రలేచి, చొక్కా వేసుకుని, అరుగు మీద కూర్చునేవారు. ఆల్విన్ ముక్కలై ఇతరుల చేతుల్లోకి వెళ్లింది. ఆజామాబాద్ పారిశ్రామికవాడలో లీజుల లెక్క తేల్చడానికి 1992లో ప్రభుత్వం ప్రత్యేకంగా చట్టమే చేయవలసి వచ్చింది. షెడ్ల స్థానంలో అపార్టుమెంట్లు, కోచింగ్ సెంటర్లు, ఫంక్షన్ హాళ్లు వచ్చాయి. చిక్కడపల్లి, అశోక్‌నగర్ వైపు గదులు అద్దెకు తీసుకుని పోటీ పరీక్షలకు చదివే పిల్లలకు బోనస్ అంటే ఏమిటో తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు.

ఈ నియోజకవర్గంలో 1999లోనూ 2014లోనూ బీజేపీ అభ్యర్థి డాక్టర్ కె. లక్ష్మణ్ గారు గెలిచారు. ఆ రెండు సంవత్సరాల మధ్య 2004 ఒక్కసారి కార్మిక నాయకుడికి చోటు దొరికింది. నన్నడిగితే అది పాత ముషీరాబాద్ వేసిన చివరి ఓటు. ఇది నా అభిప్రాయమే, పోలింగ్ కేంద్రాలవారీ లెక్కలు తీసి దీన్ని ఎవరైనా తప్పని చూపిస్తే సంతోషిస్తాను.

రాంనగర్ విద్యార్థి:

ముగ్గురికీ ధన్యవాదాలు. మణెమ్మ గారి ఉప ఎన్నిక నా పట్టికలో ఉంది గానీ ఆ పేరు వెనకనున్న 1978 నాకు తట్టలేదు, సిగ్గుగా ఉంది. ఇంకొక్క ప్రశ్న. 2014లో ఆయన శాసనసభకు పోటీయే చేయలేదు. అయినా జూన్ 2న తొలి మంత్రివర్గంలో ప్రమాణం చేసి హోంమంత్రి అయ్యారు. ఓటరు ప్రసక్తి లేకుండా వచ్చిన ఈ చివరి ఘట్టాన్ని ఆయన రాజకీయ జీవితానికి శిఖరం అని రాయాలా? మా మేడం దగ్గర ఈ మాటకు నిలబడగలనా?

గ్యాలరీ విలేఖరి:

ముందు నిబంధన చెబుతాను. రాజ్యాంగం 164(4) అధికరణం ప్రకారం ఏ సభలోనూ సభ్యుడు కాని వ్యక్తి కూడా మంత్రి కావచ్చు, అయితే ఆరు నెలలలోపు ఏదో ఒక సభలో సభ్యుడు కావాలి. ఆయనను గవర్నర్ కోటాలో శాసనమండలికి నామినేట్ చేశారు. ఆ కోటా 171(5) అధికరణం కింద సాహిత్యం, శాస్త్రం, కళలు, సహకార ఉద్యమం, సామాజిక సేవ రంగాలవారికి ఉద్దేశించింది. కార్మికోద్యమం సామాజిక సేవ కిందికి వస్తుందనుకుంటే ఈ నామినేషన్ దాని స్ఫూర్తికి మరీ దూరమేమీ కాదు. ఇంతకన్నా దూరమైనవి చాలా చూశాం.

శిఖరమా అంటే, పదవి దృష్ట్యా నిస్సందేహంగా శిఖరమే. హోంశాఖతోపాటు కార్మికశాఖను కూడా ఆయన చూశారు. 2014 అక్టోబరులో హైదరాబాద్‌లో షీ టీమ్స్ మొదలైంది ఆయన హోంమంత్రిగా ఉండగానే. ఎమర్జెన్సీలో జైలు చూసిన మనిషి చేతికి రాష్ట్రంలోని జైళ్లు, పోలీసు ఠాణాలు వచ్చాయన్నది పత్రికలకు మంచి శీర్షిక, మేమూ వాడుకున్నాం. నాకు అంతకన్నా ఆసక్తికరంగా తోచేది కార్మికశాఖ. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో లేబర్ కమిషనర్ కార్యాలయం ఉన్న భవనం పేరు టి. అంజయ్య కార్మిక సంక్షేమ భవన్. తాను ఓడించిన మనిషి పేరున్న భవనం నుంచి నడిచే శాఖకు ఆయన మంత్రి అయ్యారు.

కానీ ఇందులో ఒక మెలిక ఉంది, మీ పత్రానికి అసలు పనికొచ్చేది అదే. 1926 నాటి ట్రేడ్ యూనియన్ల చట్టానికి 2001లో చేసిన సవరణ ప్రకారం మంత్రివర్గ సభ్యుడెవరూ రిజిస్టరైన కార్మిక సంఘంలో కార్యవర్గ సభ్యుడిగా గానీ మరే పదవిలో గానీ ఉండకూడదు. పాత రోజుల్లో మంత్రి గారే సంఘం అధ్యక్షుడిగా కూడా కొనసాగిన సందర్భాలు ఉండేవి, సవరణ తరువాత ఆ దారి మూసుకుపోయింది. అంటే 2004లో వైఎస్ రాజశేఖరరెడ్డి గారి మంత్రివర్గంలో చేరి 2005 జూలైలో టీఆర్ఎస్ మంత్రులందరితో కలిసి బయటికి వచ్చిన ఆ కొద్దికాలానికీ, 2014 నుంచి 2018 వరకు నడిచిన కాలానికీ ఈ నిబంధన వర్తిస్తుంది. పెద్దాయన చెప్పిన తాళంచెవిని మంత్రి పదవిలోకి అడుగుపెట్టే ముందు గుమ్మం బయట పెట్టి రావాలి. పదవి పెద్దదయ్యే కొద్దీ ఆ మనిషి తన ఆధారానికి దూరమయ్యారు. 2018లో ముషీరాబాద్ టికెట్ కోసం ఆయన గట్టిగానే ప్రయత్నించారు, అది ముఠా గోపాల్ గారికి దక్కింది, ఆయనే గెలిచారు. తరువాతి మంత్రివర్గంలో హోంశాఖ మహమూద్ అలీ గారికి వెళ్లింది. తనకు జరిగినదానిపై అసంతృప్తిని నాయిని గారు బహిరంగంగానే వెళ్లగక్కారు. 2020లో మండలి సభ్యత్వం ముగిసింది, అదే ఏడాది అక్టోబరు 22న కన్నుమూశారు.

శిఖరం అన్న మాట వాడండి, ఇబ్బంది లేదు. దాని కింద నేల ఎంత మిగిలిందన్నది కూడా అదే పేరాలో రాయండి. ఓట్ల లెక్కలకు ఎన్నికల సంఘం వెలువరించిన గణాంక నివేదికలు 1978 నుంచి దొరుకుతాయి. ఆయన సభలో అడిగిన ప్రశ్నలకు, చేసిన ప్రసంగాలకు శాసనసభ గ్రంథాలయంలోని చర్చల సంపుటాలు తిరగేయక తప్పదు. మీ విభాగం నుంచి ఉత్తరం తీసుకుని వెళ్లండి. ముందుగా 1978 నుంచి 1983 వరకు ఉన్నవి చూడండి, ప్రతిపక్షంలో ఉన్న శాసనసభ్యుడి పనితనం అక్కడే తెలుస్తుంది.

ఆజామాబాద్ పాత కార్మికుడు:

విలేఖరి గారూ, 2001 సవరణ సంగతి నాకు తెలియదు. నేను అప్పటికి రిటైరై ఏడాది దాటింది. తెలుసుకున్నందుకు సంతోషం, కొంచెం బాధ కూడా.

కవాడిగూడ అబ్బాయి చెప్పిన మిల్లు కూత మా ఫ్యాక్టరీ దాకా వినిపించేది. మా సైరన్‌కూ దానికీ నాలుగు నిమిషాల తేడా, ఏది సరైన సమయమో ఎవరికీ తెలియదు.

బాబూ, సంపుటాలు చూడటం అయ్యాక ఒకసారి మా ఇంటికి రండి. మా సంఘం మూతపడినప్పుడు గదిలోని ఉత్తరాల కార్బన్ కాపీలను ఎవరూ తీసుకెళ్లలేదు, నేనే ఒక రేకు పెట్టెలో పెట్టి అటక మీద దాచాను. 1976 నుంచి ఉన్నాయి. వాటిలో నాయిని గారి పేరు కనిపించకపోవచ్చు. అయితే ఒక సంఘం గదికి ఒక నెలలో ఎన్ని రకాల మనుషులు ఎన్ని రకాల పనుల మీద వచ్చేవారో మీరే లెక్క కట్టుకోవచ్చు. కిందటి వర్షాకాలం పెట్టె ఒక మూల తుప్పు పట్టింది, సిరా కొన్నిచోట్ల పాకింది. సంక్రాంతి లోపల వస్తే మంచిది.